చుట్టాన్ని చెయ్యకండి బాబూ!

రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మా కృష్ణా డెల్టాలో ఆ కార్తెలో పగిలేవి రోళ్ళు కావు, గోడలు. అమెరికా నించి అబ్బాయి వస్తున్నాడని కబురు తెలియగానే ఏసీ బిగించడానికి ఒక గోడకీ, కొత్త కమోడు పెట్టించడానికి ఇంకో గోడకీ కన్నం పడుతుంది. తాపీమేస్త్రీ వెళ్ళేసరికి ప్లంబరు వస్తాడు. ప్లంబరు వెళ్ళేసరికి కరెంటువాడు వస్తాడు. వాడు వెళ్ళేసరికి అబ్బాయే వచ్చేస్తాడు. వచ్చి, మూడు వారాలుండి, ఆవకాయ సూట్‌కేసులో సర్దుకుని వెళ్ళిపోతాడు. ఏసీ మిగుల్తుంది. దాన్ని ముసలివాళ్ళు వెయ్యరు, బిల్లొస్తుందని.

ఈ స్వాగతాల మీద నాకు చిరకాలంగా ఒళ్ళుమంట. ఎండాకాలం రాగానే చెమటకాయలతో పాటు అదీ లేస్తుంది. వచ్చేవాళ్ళ మీద కాదు సుమండీ! వాళ్ళు నా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మేనల్లుళ్ళూను. నా తగవంతా ఇక్కడున్న మనతోనే. మనవాణ్ణి మనం ఇంటికి రప్పించుకుంటున్నామా, లేకపోతే చుట్టాన్ని చేసి సాగనంపుతున్నామా అన్నది నా ప్రశ్న. దాచడమెందుకు, నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటివాణ్ణి చుట్టాన్ని చెయ్యడమంత అన్యాయం ఇంకోటి లేదు. ఆ అన్యాయానికి మొట్టమొదట బలయ్యేది వచ్చినవాడు కూడా కాదు, వాణ్ణి కన్నవాళ్ళు.

అసలు వీళ్ళు ఎండాకాలమే ఎందుకొస్తారు? సరదా పుట్టి కాదు. అక్కడ బళ్ళకి సెలవులు అప్పుడే. టెక్సాస్ లాంటి చోట్ల మే ఆఖరుకి బడి మూస్తే మళ్ళీ ఆగస్టులోనే తెరవడం. అంచేత మన ఊరు ఏడాది మొత్తంలో ఎప్పుడు అధ్వాన్నంగా ఉంటుందో సరిగ్గా అప్పుడే వాళ్ళకి దర్శనమిస్తుంది. బెజవాడని బ్లేజ్‌వాడ అనడం ఊరికే పుట్టలేదు. 45 డిగ్రీలంటే మాకు అదో వార్తే కాదు. కాలవలు కట్టేసి ఉంటాయి. ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణమ్మ ఇసక తిన్నెల మధ్య ఎక్కడో వెతుక్కుంటే కనిపిస్తుంది. ఆ అబ్బాయి మనసులో ఉన్న ఊరేమో సార్వా నాట్లనాటిది. నిండు కాలవలు, పచ్చటి చేలు, గట్ల మీద కొబ్బరి నీడలు. కళ్ళముందున్నదేమో నెర్రెలిచ్చిన నేల. ఈ తేడా చూసి వాడెక్కడ చిన్నబుచ్చుకుంటాడో అని మనకి కంగారు. ఆ కంగారులోంచి పుట్టిందే మన స్వాగతం.

పరదేశం వెళ్ళడం, తిరిగి రావడం మనకేం కొత్తగాదు. మన తాతల కాలంలో 'రంగం' అంటే రంగూను. కూలి కోసం కోస్తా జిల్లాల నించి వేలమంది ఓడెక్కి బర్మా వెళ్ళేవారు. 1942లో జపాను సేనలు వచ్చిపడితే అడవులూ కొండలూ దాటి కాలినడకన వెనక్కొచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ళకి పూలగుత్తులు పట్టుకుని ఎవరూ ఎదురువెళ్ళలేదు. ఆ తర్వాత 1965లో అమెరికా తన వలస చట్టం మార్చుకుంది. మన డాక్టర్లూ, ఇంజనీర్లూ బయల్దేరారు. 1977లో బెజవాడ పక్కనే కానూరులో సిద్ధార్థవారి ఇంజనీరింగు కాలేజీ వెలిశాక రైతుబిడ్డలకి కూడా ఆ దారి దగ్గరైంది. 2010, 2017 మధ్య అమెరికాలో మాట్లాడేవాళ్ళ సంఖ్య అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేననీ, ఆ పెరుగుదల 86 శాతమనీ 2018లో లెక్కతేల్చి చెప్పారు. అది ఏ పుస్తకంలోనో చదవక్కర్లేదు. కంకిపాడు నించి పామర్రు దాకా ఏ ఊళ్ళో ఏ వీధిలోకి తొంగిచూసినా చాలు. పెద్ద డాబా, అందులో ఇద్దరే మనుషులు, గోడమీద మంచులో నిలబడ్డ మనవల ఫోటో. అంచేత నేను చెప్పబోయేది ఒక్క ఇంటి రామాయణం కాదు.

ముందు ఎదురుకోళ్ళ సంగతి. గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా ఇచ్చారు గానీ, అమెరికా నించి వచ్చేవాడు ఎక్కువగా దిగేది శంషాబాద్‌లోనే. అక్కడికి ఇక్కణ్ణించి మూడొందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. రెండు కార్లు బయల్దేరతాయి, ఒకటి మనుషులకి, ఒకటి సామాన్లకి. వెళ్ళేటప్పుడు రెండూ మనుషులతోనే నిండుతాయి. వచ్చేటప్పుడు రెండూ సామాన్లతోనే నిండుతాయి. మరి వెళ్ళిన మనుషులు ఎలా తిరిగొస్తారంటే, అది ఆ ఒళ్ళో సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్నవాళ్ళనే అడగాలి. విమానం దిగేది తెల్లవారుజామున మూడింటికి. రాత్రి పదకొండు నించీ అక్కడ ఇనపకుర్చీలో కూర్చుని ఉండేది ఎవరనుకున్నారు? డెబ్భై అయిదేళ్ళ తండ్రి! "నేను రాకపోతే వాడేమనుకుంటాడ్రా" అంటాడాయన. వాడేమీ అనుకోడు. ఆయన్నా కుర్చీలో చూసి గుండె గుబేలుమంటుంది, అంతే.

ఇక ఇంటి సంగతి. ఆ ఇంట్లో గాలి వచ్చే గది ఒక్కటే ఉంటుంది. అందులో ముసలాయన మంచం ఇరవై ఏళ్ళుగా ఒకే చోట ఉంటుంది. రాత్రి లేస్తే కుడివైపు స్విచ్చి, నాలుగడుగులేస్తే స్నానాలగది, ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. అబ్బాయి వస్తున్నాడనగానే మొట్టమొదట కదిలేది ఆ మంచం. హాల్లోకో, వసారాలోకో వచ్చిపడుతుంది. మూడు వారాలపాటు ఆ పెద్దమనిషి అర్ధరాత్రి లేచి తన ఇంట్లో తనే తడుముకుంటూ తిరుగుతాడు. లోపల ఏసీ గదిలో పడుకున్నవాడికి ఆ సంగతే తెలీదు. తెలిస్తే ఊరుకుంటాడా? ఊరుకోడు. అందుకే తెలియనివ్వం.

భోజనం గురించి నేను ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. రెండు కూరలు, రెండు పచ్చళ్ళు, పులుసు, పులిహోర, బూరెలు, నూజివీడు రసాలు, బందరు లడ్డు. వచ్చినవాడు మొదటి రోజు ఆనందంగా తింటాడు, రెండో రోజు మర్యాదకి తింటాడు, మూడో రోజు మాత్ర వేసుకుంటాడు. నాలుగో రోజున మెల్లిగా "అమ్మా, కాస్త పప్పు, మజ్జిగ చాలే" అంటే ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి వేరే ఉంది. ఇల్లంతా చల్లబరుస్తారా, ఏసీ పెట్టని గది ఒక్కటే మిగుల్తుంది. వంటిల్లు! డెబ్భై ఏళ్ళావిడ ఆ ఎండల్లో పొయ్యిముందు నించుని బూరెలు వేయించే గది అది. దీన్ని మనం ప్రేమ అంటున్నాం. వాడు తినలేక తింటాడు, ఆవిడ చెయ్యలేక చేస్తుంది. మధ్యలో మనం చుట్టుపక్కల వాళ్ళం మాత్రం శుభ్రంగా తినిపోతున్నాం.

ఇలా ఊరికే అంటే మీరు నమ్మరేమో. మా పెదనాన్నగారి ఇంట్లో 2023 వేసవిలో జరిగింది చెబుతాను. ఊరూ పేరూ వద్దు, బందరు రోడ్డు మీద ఒక ఊరనుకోండి. వాళ్ళబ్బాయి, అంటే నాకు తమ్ముడు, డాలస్‌లో ఉంటాడు. అంతకుముందు వచ్చింది 2019లో. ఆ మర్నాటి ఏడు కరోనా. 2020 మార్చి 23న మామూలు అంతర్జాతీయ విమానాలు ఆపేస్తే, మళ్ళీ అవి పూర్తిగా మొదలయ్యేసరికి 2022 మార్చి 27 అయింది. ఆ రెండేళ్ళలో ఎంతమంది తల్లిదండ్రుల్ని కొడుకులు ఫోన్లో చూసి సాగనంపారో మన వీధుల్లో లెక్కేసుకుంటే చాలు. 'వచ్చే ఏడు చూద్దాంలే' అన్న మాటకి విలువ లేదని అప్పుడు తెలిసొచ్చింది మనకి. తెలిసొచ్చింది గాని బుద్ధి రాలేదు.

సరే, తమ్ముడూ, మరదలూ, పన్నెండేళ్ళ పిల్లా, ఎనిమిదేళ్ళ పిల్లాడూ వచ్చారు. నాలుగో రోజున సముద్రం ప్రయాణం పెట్టారు. మనవాళ్ళకి అదో రివాజు. అమెరికా చుట్టం వస్తే మంగినపూడి తీసికెళ్ళాలి. రోహిణీకార్తెలో సముద్రస్నానమేమిటని ఎవరూ అడగరు. ఒక వ్యాన్, అందులో పద్నాలుగు మంది, నాలుగు గిన్నెల పులిహోర, రెండు ఐసుపెట్టెల నీళ్ళ సీసాలు. అందరూ స్నానాలు చేసి, పౌడర్లు రాసుకుని కదిలేసరికి పది దాటింది. ఉయ్యూరు, పామర్రు దాటి బందరు చేరేసరికి నడినెత్తిన సూర్యుడు. అక్కణ్ణించి ఇంకో పదకొండు కిలోమీటర్లు మంగినపూడి.

అక్కడ నా చెవులతో విన్నది చెబుతున్నాను. వ్యాన్ దిగీ దిగగానే మా చిన్నాన్న తమ్ముడి భుజమ్మీద చెయ్యి వేసి అన్నాడు: "ఏమీ అనుకోకురా, మీ మయామీలాగా ఉండదు. ఇసక కాదు, నల్లమట్టి." చూశారా! సముద్రం తరఫున క్షమార్పణ! మా వంశంలో ఎవరూ ఆ సముద్రాన్ని తవ్వించలేదు, ఆ మట్టి పోయించలేదు. అయినా చిన్నాన్నకి సిగ్గేసింది.

ఎందుకయ్యా సిగ్గు? బందరు అంటేనే రేవు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వెతుక్కుంటూ వచ్చి కొట్లు పెట్టుకున్న రేవు అది. పెడన కలంకారీ, బందరు అద్దకం బట్టలూ పారశీకం దాకా వెళ్ళింది ఈ తీరాన్నించే. ఆ నల్లమట్టి కృష్ణమ్మ ఎన్ని వేల ఏళ్ళుగానో మోసుకొచ్చి పోసిన మట్టి. మన అన్నం పండేది ఆ మట్టిలోనే, వాడి ఫీజులు కట్టిందీ ఆ మట్టే. మయామీ ఇసకలో ఒక్క బస్తా వడ్లు పండించి చూపించమనండి! పోనీ ఆ పిల్లాడేమైనా మొహం చిట్లించాడా అంటే అదీ లేదు. మోకాళ్ళ దాకా బురద పూసుకుని కేరింతలు కొడుతున్నాడు. అక్కడ లోతు తక్కువ, చాలా దూరం నడిచిపోవచ్చు. పిల్లలకి అంతకంటే ఏం కావాలి? సిగ్గంతా పెద్దవాళ్ళది.

అసలు సంగతి ఇంకా ఉంది. వచ్చేదార్లో స్తంభాల మీద నిలబెట్టిన మేడ ఒకటి చూసి, "అదేమిటి నాయనమ్మా, కింద గోడల్లేవు?" అని అడిగింది ఆ పన్నెండేళ్ళ పిల్ల. తుఫాను షెల్టరు అది. మా పెద్దమ్మ పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 నాటికి ఆవిడకి ఇరవై మూడేళ్ళు, పెళ్ళయిన మరుసటేడు, పుట్టింటికి వెళ్ళి ఉంది. ఆ రాత్రి ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత కెరటం అని ఇప్పటికీ చెప్పుకుంటారు. పదివేల మందికి తక్కువ కాకుండా పోయారు. పెద్దమ్మ చంకలో అన్నగారి చంటిపిల్లతో ఒక డాబామీద తెల్లవార్లూ నించుంది. తెల్లారేక కిందికి చూస్తే ఊరు లేదు. ఈ కథ నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నాకు పెద్దమ్మ ఇంకాస్త పెద్దదిగా కనిపించేది.

ఆ పిల్ల అడగ్గానే పెద్దమ్మ మొహం మారింది. కళ్ళజోడు తుడుచుకుంది. "అదిగో తల్లీ, నా చిన్నతనంలో ఒకనాడు రాత్రి..." అని మొదలెట్టిందో లేదో, వెనకసీటు నించి ముగ్గురు ఒక్కసారి అందుకున్నారు. "ఇప్పుడెందుకే ఆ ఏడుపు కబుర్లు! సరదాగా వచ్చాం గదా!" పెద్దమ్మ ఆగిపోయింది. పులిహోర పొట్లం విప్పి ఆ పిల్ల చేతిలో పెట్టింది. డాలస్ నించి పద్నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు వచ్చిన మనవరాలికి ఆవిడ ఇవ్వగలిగిన అసలైన ఆస్తి అదొక్కటే. దాన్ని మనవాళ్ళు పులిహోర కింద కప్పెట్టేశారు.

నా తగవంతా ఇక్కడే ఉంది చూడండి. చుట్టానికి చెప్పకూడనివి కొన్ని ఉంటాయి: చావులు, అప్పులు, జబ్బులు, తగవులు. ఇంటివాడితో చెప్పుకునేవి కూడా సరిగ్గా అవే! ఇంటివాణ్ణి చుట్టాన్ని చేశామంటే, ఇల్లు వాడికి కనిపించకుండా తెర కట్టామన్నమాట.

ఆ తెర వెనక ఏముందో చెబుతాను. ఆ ఫిబ్రవరిలో పెదనాన్నకి గుండెనొప్పి వచ్చి రెండు స్టెంట్లు వేశారు. ఈ ముక్క డాలస్‌కి చెప్పలేదు. "వాడక్కడ కంగారుపడతాడు, వచ్చినప్పుడు చెబుదాం" అన్నారు. సరే అనుకున్నాం. వచ్చినప్పుడేమో "వచ్చిన నాలుగు రోజులూ వాణ్ణి బాధపెట్టడమెందుకు, వెళ్ళాక చెబుదాం" అన్నారు. ఇదెక్కడి లెక్కండీ? దూరంగా ఉన్నాడు గనక చెప్పరు, దగ్గరున్నాడు గనక చెప్పరు! చెప్పమని నేను ఇంట్లో పోరాను. అందరూ కలిసి నన్నే కసిరారు. మందుల డబ్బా బీరువాలో చీరల కిందికి వెళ్ళిపోయింది. పెదనాన్న పూటపూటా ఆ గదిలోకి దొంగలా వెళ్ళి మాత్రలు మింగి వచ్చేవాడు. ఏసీ వాయిదాల మీద కొన్నారని కూడా ఎవరూ అనలేదు.

అటుపక్క చూడండి. ఆ ఏప్రిల్లో తమ్ముడి ఉద్యోగం ఊడింది. 2022, 2023ల్లో అమెరికా కంపెనీలు జనాన్ని ఎలా తీసేశాయో మీరూ పేపర్లో చూసే ఉంటారు. గ్రీన్‌కార్డు ఉంది గనక సరిపోయింది గాని, హెచ్ వన్ వీసా మీద ఉన్నవాడైతే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేకపోతే పెట్టే సర్దుకోవాలి. వాడు క్రెడిట్‌కార్డు మీద టిక్కెట్లు కొని వచ్చాడు. ఎందుకు? "నాలుగేళ్ళయింది, నాన్న ఎదురుచూస్తున్నాడు, ఇప్పుడు మానేస్తే అనుమానపడతాడు" అని. అందరికీ పెర్‌ఫ్యూములూ, చాక్లెట్లూ, కాలిఫోర్నియా బాదంపప్పూ తెచ్చాడు. ఆ బాదంపప్పు బెజవాడ కొట్లోనూ దొరుకుతుంది, అదీ కాలిఫోర్నియాదే. అప్పు చేసి ఒకడు ఏసీ పెట్టించాడు, అప్పు చేసి ఒకడు అందులో వచ్చి పడుకున్నాడు. తండ్రీకొడుకులు మూడు వారాలు ఒకే కప్పుకింద, ఒకరి బాధ ఒకరికి తెలీకుండా, ఒకరికొకరు రసాలు వడ్డించుకున్నారు. మనమంతా చుట్టూ చేరి 'ఎంత బాగున్నార్రా!' అని ఫోటోలు తీశాం.

డిసెంబర్లో పెదనాన్నకి మళ్ళీ నొప్పి వచ్చింది. ఇక దాచడానికి లేకపోయింది. తమ్ముడు దొరికిన విమానం ఎక్కి వచ్చాడు. ఆస్పత్రి వరండాలో నన్ను పట్టుకుని ఒకే ఒక్క మాటడిగాడు: "అన్నయ్యా, జూన్లో మూడు వారాలు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను గదా, నాకెందుకు తెలీలేదు?" ఆ మాటకి మా వంశంలో ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. పెదనాన్న గట్టిపిండం, లేచి కూర్చున్నాడు. లేవకపోయి ఉంటే ఆ ప్రశ్న వాడి మెడకి జన్మంతా వేళ్ళాడేది.

ఇంత చెప్పినా కొందరు పెద్దలు నామీదికి వేదాలతో వస్తారు. 'అతిథి దేవుడన్నారు గదయ్యా' అంటారు. అన్నారు, కాదనను. కాని తైత్తిరీయోపనిషత్తులో ఆ వరసలో అతిథి నాలుగోవాడు. ముందు తల్లి, తర్వాత తండ్రి, ఆ తర్వాత గురువు, అటుపైనే అతిథి. మనం నాలుగోవాడి కోసం మొదటి ఇద్దర్నీ వసారాలో పడుకోబెడుతున్నాం. పైగా అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని అర్థం చెబుతారు. ఆర్నెల్ల ముందు టిక్కెట్టు కొని, దిగే గంటా నిమిషమూ వాట్సాప్‌లో పెట్టేవాడు ఏ నిఘంటువు ప్రకారం అతిథి?

ఇంకో వాదన ఉంది. 'పాపం, పిల్లలు సుఖానికి అలవాటుపడ్డారు, కష్టం చూపిస్తే మళ్ళీ రారు' అని. ఇది శుద్ధ తప్పు. సుఖమే కావాలంటే వాళ్ళకి అక్కడే బోలెడుంది. మన ఇల్లు ఏసీలో వాళ్ళిల్లుతో పోటీపడి ఎలాగూ గెలవదు. సుఖం కోసం వచ్చేవాడు వచ్చే ఏడు ఏ గోవాకో వెళ్తాడు. ఇక్కడ తనకో పనుంది, తను లేకపోతే జరగనిది ఒకటుంది అనుకున్నవాడే మళ్ళీ వస్తాడు. పనిలేని ఇంటికి ఎవరొస్తారు?

ఇదంతా కుదిరే పనేనా అంటే, మా వీధిలోనే కుదిరింది. వీధి చివర ఇంటావిడ కువైట్‌లో ఒకళ్ళింట్లో వంటపని చేస్తుంది. నాలుగేళ్ళ తర్వాత సెలవు దొరికి వచ్చింది. రెండు కార్లు లేవు. బస్టాండు నించి ఆటోలో, మోకులతో బిగించిన రెండు అట్టపెట్టెలతో దిగింది. మన స్వాగతాలు డాలర్లకే గాని దీనార్లకి ఉండవన్నమాట, అదీ గమనించండి. ఆ రాత్రి ఆ ఇంట్లోంచి పెద్దగా కేకలు వినిపించాయి. పంపించిన డబ్బు ఎంత, ఖర్చయిందెంత, కూతురి చదువు ఎందుకు మానిపించారు, తల్లి కంటి ఆపరేషను ఎందుకు చేయించలేదు, అన్నీ మొదటి రాత్రే తేలిపోయాయి. ఏడ్చారు, తిట్టుకున్నారు, తెల్లారేసరికి తల్లీ కూతురూ ఒకే చాపమీద నిద్రపోతున్నారు. వారం తిరక్కుండా ఆవిడే దగ్గరుండి తల్లికి కంటి ఆపరేషను చేయించింది, కూతుర్ని మళ్ళీ కాలేజీలో చేర్పించింది, వెళ్ళిపోయింది. ఒక్క పూలదండ లేదు, ఒక్క ఫోటో లేదు. నేను చూసినవాటిలో అసలు సిసలు స్వాగతం అదీ! నలభై రోజుల్లో ఆవిడ ఆ ఇంటికి చేసింది మన డాలస్, చికాగోల బుద్ధిమంతులు పదేళ్ళ వేసవుల్లో చెయ్యలేదు. చేతకాక కాదు, చెయ్యనివ్వక.

అంచేత వచ్చే వేసవికి అబ్బాయో, అమ్మాయో వస్తున్నారన్న ఇళ్ళవాళ్ళకి నా మనవి ఇది. ఎదురువెళ్ళడానికి ఒక్కరు చాలు, అదీ వయసులో ఉన్నవాళ్ళు. హైదరాబాదు నించి బందరు దాకా ఒకటే రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి, దారి తప్పడానికి కూడా వీల్లేదు. అక్కడ గాడిదచాకిరీ చేసి బతుకుతున్నవాడు ఇక్కడ ఇల్లు చేరుకోలేడా? పెద్దవాళ్ళ మంచం మాత్రం అంగుళం కదపకండి. వచ్చినవాడు చాపేసుకుని ఆ మంచం పక్కనే పడుకుంటే, రాత్రి నాన్న ఎన్నిసార్లు లేస్తున్నాడో వాడికే తెలుస్తుంది. ఏ డాక్టరూ చెప్పనంత సంగతి చెబుతుంది ఆ చాప.

సూట్‌కేసు తెరవకముందే మందుల డబ్బా తెరవండి. దానిపక్కన ఆస్పత్రి కాయితాలు, బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం పెట్టండి. 'ఇదిరా మన సంగతి' అనండి. అని ఊరుకోండి. వాడు కాసేపు దిగులుపడతాడు. పడనివ్వండి, తండ్రి గురించి దిగులుపడే హక్కు కొడుక్కి కాక ఎవరికుంది? తర్వాత వాడే నోరు విప్పి తన సంగతీ చెబుతాడు. అవతలి ఒడ్డున వాడి బతుకేమీ పూలపాన్పు కాదు.

పని చెప్పండి. నాన్నని డాక్టరు దగ్గరికి వాణ్ణే తీసికెళ్ళమనండి. పింఛను కాయితం సంతకం వాణ్ణే పెట్టించుకు రమ్మనండి. కారిపోతున్న పంపు ప్లంబర్ని పిలిచి బాగు చేయించమనండి. ఆవకాయ సీసాలో పెట్టి ఇవ్వకండి. పెద్దమ్మ కూర్చుని చెబుతుంటే వాడూ వాడి పెళ్ళాం కలపాలి, చేతులు మండాలి. పిల్లలు బడిలేని పిల్లలే గదా, వాళ్ళకి తలో చీపురూ ఇవ్వండి. అప్పుడు ఆ ఇల్లు వాళ్ళదవుతుంది. చీపురు పట్టనివాడికి ఇల్లు ఎప్పటికీ హోటలే.

సముద్రానికి వెళ్ళొద్దా అంటే, తప్పకుండా వెళ్ళండి. కాని వ్యాన్ వద్దు, పులిహోర గిన్నెలు వద్దు, పద్నాలుగు మంది అసలే వద్దు. చీకటితో బయల్దేరి, ఎండెక్కకముందు తిరిగి వచ్చెయ్యండి. ముందుసీట్లో నాయనమ్మని కూర్చోబెట్టండి. స్తంభాల మేడ కనిపించిన చోట కారాపి, ఆవిడ చెప్పేదాకా ఎవరూ నోరు విప్పకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ పిల్ల కూడా ఏడుస్తుంది. నష్టమేమీ లేదు. పరీక్షలకి పనికిరాదు గాని, ఆ పిల్లకి తనెవరో తెలుస్తుంది. మట్టి గురించి మాత్రం క్షమాపణ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.

వచ్చేవాళ్ళకీ ఒక మాట. బాబూ, చాక్లెట్లు తేకపోయినా మా వీధిలో ఎవరూ చచ్చిపోరు. ఉన్నది ఉన్నట్టు నీ కష్టం పట్టుకురా. మీ అమ్మానాన్నలు ఉప్పెనలు చూసినవాళ్ళు, నీ ఉద్యోగం ఊడిన కబురుకి కూలిపోరు. కూలిపోతారని నువ్వనుకుంటున్నావు, నువ్వు కూలిపోతావని వాళ్ళనుకుంటున్నారు. ఈ అనుకోవడాలకే గదా ఇన్ని లక్షలు పోసి టిక్కెట్లు కొంటున్నది!

ఇంత చెప్పినా ఏసీ లేకుండా పిల్లలు పడుకోలేరండీ అనే తల్లులు ఉంటారు. నేనంత కసాయివాణ్ణి కాదు. పెట్టించండి. కాకపోతే వంటింట్లో పెట్టించండి.